కొండెక్కిన డొక్కు సైకిలు

తెలుగులో "బైకు" అంటే మోటారు సైకిలే. అందుచేత మౌంటెన్ బైక్ అన్న మాట వినగానే మనవాళ్ళలో చాలామందికి కొండలెక్కే మోటారు బండి ఏదో స్ఫురిస్తుంది. పోనీ అని "పర్వతద్విచక్రి" వంటి సమాసం కట్టామా, అది అవధానంలో సమస్య ఇవ్వడానికి పనికొస్తుందేమో గానీ దుకాణంలో అడగడానికి పనికిరాదు. నేనీ వ్యాసంలో కొండ సైకిలు అనే అంటాను. అంతకంటే మంచి మాట తోచినవారు వాడుకోవచ్చు, నాకు పేచీ లేదు.

చేతిలో డబ్బు కొద్దిగానే ఉన్నప్పుడు మొదటి కొండ సైకిలుగా ఏది కొనాలి? ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబులు కంపెనీల పేర్లు, మోడళ్ళ అంకెలు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ మోడళ్ళుండవు, జవాబూ ఉండదు. నాకు మాత్రం ఈ ప్రశ్నకు కాస్త నిలకడైన జవాబు ఆ సైకిలు చరిత్రలోనే ఉన్నదనిపిస్తుంది. ఎందుకంటే మొట్టమొదటి కొండ సైకిలు కావాలనుకున్నవారి దగ్గర డబ్బూ అంతంత మాత్రమే, అసలు కొనడానికి అలాంటి సైకిలూ లేదు. వారు ఒక పాత సైకిలు తీసుకుని, కొండమీద ఏది విరిగితే దాన్ని మార్చుకుంటూ పోయారు. ఏది ముందు మార్చారు, ఏది తర్వాత మార్చారు, ఏది పదేళ్ళు దాటినా పట్టించుకోలేదు అన్న వరుసను చూస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది.

కథ షికాగోలో మొదలవుతుంది. ఇగ్నాజ్ ష్విన్ అనే జర్మన్ వలసదారు 1895లో అక్కడ సైకిళ్ళ కంపెనీ స్థాపించాడు. 1930ల ఆరంభంలో అమెరికాను ఆర్థిక మాంద్యం పట్టి పీడిస్తున్నప్పుడు వ్యాపార భారం ఆయన కొడుకు ఫ్రాంక్ ష్విన్ మీద పడింది. అప్పటి అమెరికాలో సైకిలు తొక్కేది పెద్దలు కాదు, పిల్లలు. పిల్లలకు కావలసింది మోటారు సైకిలు. అది కొనిచ్చే తండ్రులు లేరు. ఫ్రాంక్ ష్విన్ 1933లో మోటారు సైకిలును పోలిన సైకిలు ఒకటి తయారు చేయించాడు. దాని టైర్లు 26 అంగుళాల ఎత్తు, 2.125 అంగుళాల లావు. ఐరోపాలో చూసి వచ్చిన బుడగ టైర్లవి. తక్కువ గాలితో, మెత్తగా, గులకరాళ్ళ మీదుగా పోయినా ఎముకలు కదలకుండా నడిచేవి. ఇళ్ళకు దినపత్రికలు వేసే కుర్రాళ్ళ చేతిలో ఆ సైకిళ్ళు నలిగాయి, పడ్డాయి, లేచాయి, అయినా విరగలేదు. బరువు మాత్రం ఇరవై కిలోల పైమాటే. వాటిని చేసినవాళ్ళెవరికీ కొండల ఆలోచన లేదు.

నలభై ఏళ్ళు గడిచాయి. ఆ కుర్రాళ్ళు తాతలయ్యారు, ఆ సైకిళ్ళు పాత సామాన్ల కొట్లకు చేరాయి. అమెరికాలో అప్పుడు సన్నటి టైర్లు, వంపు తిరిగిన హ్యాండిలు ఉన్న పది గేర్ల సైకిళ్ళ మోజు నడుస్తోంది. ఆ కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, వంతెన దాటగానే వచ్చే మరిన్ కౌంటీలో కొందరు యువకులు ఈ పాత ష్విన్‌లను ఏరుకోవడం మొదలుపెట్టారు. విచిత్రమేమిటంటే వీరిలో ముఖ్యులు రోడ్డు పందేల సైకిలిస్టులు. జో బ్రీజ్, ఓటిస్ గై, గ్యారీ ఫిషర్ అందరూ సన్నటి టైర్ల మీద సాధన చేసినవారే. ఫిషర్‌ను 1960ల చివర జుట్టు పొడుగ్గా ఉందని పందేలనుంచి కొన్నేళ్ళపాటు బహిష్కరించారట. సైకిలు వేగానికీ జుట్టు పొడవుకూ ఏమిటి సంబంధమో ఆ పెద్దలకే తెలియాలి. జో బ్రీజ్ 1973లో ఒక మిత్రుడి ప్రోద్బలంతో 1941 నాటి ష్విన్ సైకిలును ఐదు డాలర్లకు కొన్నాడు. దానికున్న మడ్‌గార్డులూ అలంకారాలూ ఊడబీకి, టామల్‌పైస్ కొండ మీదికి తీసుకెళ్ళి, అక్కణ్ణించి కిందికి వదిలాడు. ఆ సంతోషం ఆయన్ను మళ్ళీ వదల్లేదు.

ఈ సైకిళ్ళను వారు "క్లంకర్లు" అనేవారు. మన డొక్కు సైకిలు అన్న మాటకు సరిగ్గా అతికే పేరు. నడుస్తుంటే గడగడలాడేది అని.

ఇప్పుడు వరుస చూద్దాం. మొదట విరిగింది, అంటే పనిచేయకుండా పోయింది, బ్రేకు. ఈ పాత సైకిళ్ళకు హ్యాండిలు మీద బ్రేకులుండవు. పెడలు వెనక్కి తొక్కితే వెనకచక్రం హబ్బు లోపల లోహపు భాగాలు ఒరుసుకుని చక్రం ఆగుతుంది. వీధిలో ఆ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. కొండ మీది నుంచి రెండు మైళ్ళు నిట్టనిలువుగా దిగితే ఆ ఒరిపిడి వేడికి హబ్బులోని గ్రీజు మరిగి పొగై పోతుంది. ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఇలాంటి ఒక మట్టిదారి ఉంది. సుమారు 2.1 మైళ్ళలో 1,300 అడుగులు కిందికి దిగుతుంది. ఒక్కసారి దిగితే చాలు, హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. గ్రీజు మళ్ళీ కూరడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో అదే ఆ దారికి పేరైపోయింది, రీప్యాక్ అని. 1976 అక్టోబరు 21న చార్లీ కెల్లీ పూనికతో ఆ దారిలో మొదటి పందెం జరిగింది. ఒకరి తర్వాత ఒకరిని వదిలి గడియారం పట్టుకుని సమయం చూడటమే పద్ధతి. ఆ రోజు నెగ్గిన అలన్ బాండ్స్ ఒక్కడే పడకుండా కిందికి చేరాడని చెప్తారు. తర్వాతి కాలంలో ఫిషర్ సాధించిన 4 నిమిషాల 22 సెకన్లను ఎవరూ దాటలేదు. బ్రీజ్ రెండే సెకన్లు వెనక.

ఆ పందేలకు బహుమతుల కంటే పెద్ద ప్రయోజనం మరొకటుంది. ఏ సామాను నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చే పరీక్షాశాల అదే. వెనక్కి తొక్కే బ్రేకు పోయి ఇద్దరు తొక్కే జంట సైకిళ్ళ డ్రమ్ము బ్రేకులు వచ్చాయి. వాటిని నొక్కడానికి మోటారు సైకిలు మీటలు బిగించారు. అంటే మొదటి డబ్బు వేగం పెంచడానికి ఖర్చు కాలేదు, ఆగడానికి ఖర్చయింది.

తర్వాత గేర్లు. దిగడం అయింది, ఎక్కడమెట్లా? మొదట్లో నడిపించుకునో, ట్రక్కు మీద వేసుకునో పైకి చేర్చేవారు. 1974 డిసెంబరులో మరిన్‌లో జరిగిన ఒక పందేనికి దక్షిణాన ఉన్న కూపర్టినో నుంచి మారో డర్ట్ క్లబ్బు కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళ లావు టైర్ల సైకిళ్ళకు గేర్లున్నాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఫిషర్ తన ష్విన్‌కు గేర్లు బిగించాడు. ముందు మూడు పళ్ళచక్రాలు, బొటనవేలితో మార్చే మీటలు. దానితో డొక్కు సైకిలు తన కాళ్ళ మీద తాను కొండెక్కింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఐదు డాలర్ల సైకిలు అన్న కథ వినసొంపుగా ఉంటుంది గానీ అది సగమే నిజం. చట్రం చౌక. దానికి తగిలించిన హబ్బులు, బ్రేకులు, గేర్లు, మీటలు అన్నీ కలిపితే చట్రానికి ఎన్నో రెట్లు. పైగా ముప్పై నలభై ఏళ్ళ కిందటి ఇనుము అన్ని దెబ్బలు తట్టుకోలేక వంగిపోయేది, విరిగిపోయేది. ఏరుకోవడానికి మంచి చట్రాలు నానాటికీ తగ్గిపోయాయి. అప్పుడు గానీ కొత్త చట్రం చేయాలన్న ఆలోచన రాలేదు. 1977లో జో బ్రీజ్ చార్లీ కెల్లీ అడగ్గా క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు గొట్టాలతో చట్రం అతికాడు. పాత ష్విన్ భాగాలేవీ వాడకుండా, పనిగట్టుకుని కొండ కోసమే చేసిన సైకిలు అది. బరువు 38 పౌనులు, అంటే పదిహేడు కిలోల పైచిలుకు. 1978కల్లా అలాంటివి మొత్తం పది చేశాడు. వెల 750 డాలర్లు.

1979లో టామ్ రిచీ చేసిన చట్రాలతో ఫిషర్, కెల్లీ "మౌంటెన్‌బైక్స్" అన్న పేరిట వ్యాపారం మొదలుపెట్టారు. ఆ పేరును తమ సొంతం చేసుకోవాలని ప్రయత్నించారు గానీ సాగలేదు, అది లోకమంతటి సొత్తయిపోయింది. వాళ్ళ సైకిలు వెల సుమారు 1,300 డాలర్లు. డబ్బులేక డొక్కు సైకిలు తొక్కినవాళ్ళు ఆరేళ్ళలో తమ పాత మిత్రులే కొనలేని సైకిలు అమ్ముతున్నారు! సైకిలు కొండ దిగడం నేర్చుకునే లోపే దాని ధర కొండెక్కి కూర్చుంది.

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే ఘట్టం దీని తర్వాతిది. చార్లీ కెల్లీ పందేల కంటే, ఫిషర్ రికార్డు కంటే దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలంటాను. మైక్ సిన్‌యార్డ్ అనే వ్యక్తి తన వోక్స్‌వాగన్ వ్యాను అమ్ముకుని, ఆ డబ్బుతో ఐరోపా వెళ్ళి ఇటలీ సైకిలు సామాన్లు తెచ్చి అమ్మడం ద్వారా 1974లో స్పెషలైజ్డ్ కంపెనీ పెట్టాడు. 1981లో ఆయన కంపెనీ జపానులో తయారు చేయించి అమ్మిన స్టంప్‌జంపర్ పెద్ద సంఖ్యలో తయారైన మొదటి కొండ సైకిలుగా పేరుపొందింది. 15 గేర్లు, చక్రపు రిమ్మును ఇరువైపులనుంచీ పట్టే కాంటిలీవర్ బ్రేకులు, వెల 750 డాలర్లు. రూపంలో అది రిచీ సైకిలుకు దగ్గరి చుట్టం. మరి వెల దాదాపు సగానికి ఎలా తగ్గింది? రిచీ తన చట్రాల అతుకుల్ని ఇత్తడి కరిగించి పోసి, ఆకురాయితో నున్నగా తీర్చేవాడు. చూడముచ్చటైన పని, గంటల తరబడి పట్టే పని. స్టంప్‌జంపర్ చట్రం టిగ్ వెల్డింగుతో చకచకా అతికినది. అతుకు దగ్గర చేపపొలుసుల్లా కనిపించే గీతలుంటాయి, అందం తక్కువ. బలానికి లోటు లేదు. తగ్గించినది శిల్పాన్ని. ఉక్కునూ, బ్రేకునూ, గేర్లనూ తగ్గించలేదు.

అది కూడా పేదవాడి సైకిలేమీ కాదు సుమా. 1981 నాటి 750 డాలర్లు నేటి లెక్కలో 2,500 డాలర్లు దాటుతాయి. కానీ మరుసటి ఏడే షిమానో "డియోర్ ఎక్స్‌టీ" పేరుతో కొండ సైకిలు కోసమే ప్రత్యేకంగా గేర్లూ బ్రేకులూ చేసింది. జపాను కంపెనీలు పోటీ పడ్డాయి. ఏటా ధర దిగింది, సామాను మెరుగైంది. ఇంతకీ ష్విన్ కంపెనీ ఏం చేస్తున్నట్టు? తమ పాత సరుకు మీద ఒక ఉద్యమమే నడుస్తుంటే 1970ల చివర క్లంకర్ 5 అన్న పేరుతో ఒక సైకిలు తెచ్చి, నడవలేదని వెంటనే మానుకున్నారు. ఆ కంపెనీ 1992లో దివాలా తీసింది. దానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, ఇదొక్కటే అనను.

ఇంతవరకూ చెప్పిన కథలో ఎక్కడైనా స్ప్రింగు కనిపించిందా? లేదు. రీప్యాక్‌లో లేదు, బ్రీజ్ సైకిలుకు లేదు, స్టంప్‌జంపర్‌కు లేదు. పాల్ టర్నర్ చేసిన రాక్‌షాక్స్ ఫోర్కు బజారుకు వచ్చింది 1990 ప్రాంతాల్లో. ఆ ఏడాది కొలరాడోలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో నెడ్ ఓవరెండ్ ఆ ఫోర్కుతోనే నెగ్గాడు. అంతకు ముందు పద్నాలుగేళ్ళకు పైగా ప్రపంచంలోని ఉత్తమ కొండ సైకిలిస్టులందరూ లావు టైర్లనూ, వంగిన మోచేతులనూ నమ్ముకుని దిగినవారే. పైగా ఆ ఫోర్కులో పనిచేసేది గాలీ, నూనె. గాలి దెబ్బను ఓర్చుకుంటుంది. నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ ఆ ఊపును అణుస్తుంది. ఊపును అణిచే ఏర్పాటు లేని స్ప్రింగు నులక మంచంతో సమానం. ఒక వైపు నొక్కితే మనిషిని మరో వైపుకు ఎగరేస్తుంది.

ఇది పుస్తక జ్ఞానం కాదని చెప్పడానికి ఒక చిన్న సంగతి. మా అన్నయ్య కొడుకు ఇంటరు పూర్తిచేసి, ట్యూషన్లు చెప్పగా మిగిల్చుకున్న పద్నాలుగు వేలతో సైకిలు కొంటానని నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. వాడి చూపు మొదటి నిమిషంలోనే ఒక దాని మీద పడింది. "బాబాయ్, రెండు వైపులా స్ప్రింగులు, రెండు డిస్కు బ్రేకులు, 21 గేర్లు. అన్నీ పదమూడున్నర వేలకే!" అన్నాడు. "అన్నీ అంత తక్కువకే ఎలా ఇస్తున్నాడురా?" అన్నాను. సమాధానం లేదు. సైకిలును ఇద్దరం కలిసి ఎత్తాం. బ్రీజ్ మొదటి సైకిలు కంటే బరువుగా తోచింది. ముందు ఫోర్కు మీద బరువు మోపి వదిలితే బొంగరంలా ఎగిరిపడింది. రిమ్ములు ఇనుపవి, గేర్లు మార్చే మీట వేలికే వంగేటట్టుంది. అదే వెలకు పక్కనే ఇంకొకటుంది. స్ప్రింగు లేని ఫోర్కు, అల్యూమినియపు రిమ్ములు, వెనక ఏడు గేర్లు, రిమ్మును పట్టే వి-బ్రేకులు. వాడి మొహంలో నిరాశ దాగలేదు. "కాలేజీలో అందరికీ స్ప్రింగులున్నాయి" అన్నాడు మెల్లగా. పద్నాలుగు వేలు సంపాదించడానికి వాడికి ఏడాది పట్టింది. ఆ డబ్బు స్ప్రింగు అనే అలంకారానికి పోతే బ్రేకుకు మిగలదని చెప్పడానికే నేను వాడికి ఈ రీప్యాక్ కథంతా చెప్పవలసి వచ్చింది. చివరికి ముందు మాత్రం స్ప్రింగు ఉన్న మూడో సైకిలు దగ్గర రాజీ పడ్డాం. రిమ్ములు అల్యూమినియానివి కాబట్టి నేను ఊరుకున్నాను.

రిమ్ముల గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ఇనుప రిమ్ము తడిసిందంటే దాన్ని పట్టిన బ్రేకు రబ్బరు జారుతుంది. వాన కురిసిన రోజున ఇనుప రిమ్ముతో వాలు దిగడం తెలిసి తెలిసి చేయవలసిన పని కాదు. పైగా చక్రం అంచున ఉన్న బరువును తొక్కిన ప్రతిసారీ తిప్పాలి. మరిన్ కుర్రాళ్ళు కూడా అల్యూమినియపు రిమ్ములు దొరికిన రోజునే తమ ఇనుప చక్రాలను వదిలించుకున్నారు. ఇంకొకటి వెనక ఇరుసు. చౌక సైకిళ్ళలో పళ్ళచక్రాల ఫ్రీవీలు హబ్బుకు మర బిగించి ఉంటుంది. అందులో బేరింగు ఇరుసు చివరికి దూరంగా, లోపలికి పడిపోవడం వల్ల గట్టి దెబ్బ తగిలితే ఇరుసు వంగుతుంది. షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్బు పద్ధతిలో ఆ బేరింగు అంచుకు జరుగుతుంది. కొనేముందు ఈ ఒక్కటీ అడిగితే దుకాణదారు కూడా మనల్ని కాస్త గౌరవంగా చూస్తాడు.

మన ఊళ్ళలో 1990లలో "రేంజరు సైకిలు" అంటే ఎంత మోజో ఆ వయసువారికి గుర్తుండే ఉంటుంది. మామూలు సైకిలు చక్రం 28 అంగుళాలైతే దీనిది 26. లావు టైరు, నిటారు హ్యాండిలు, చాలావాటికి గేర్లుండవు. అది కొండ సైకిలు వేషమే గానీ కొండ సైకిలు కాదని పెద్దవాళ్ళు వెక్కిరించేవారు. ఇప్పుడు ఆలోచిస్తే, బరువైన ఉక్కు చట్రం, బుడగ టైరు, ఒకే గేరు ఉన్న ఆ రేంజరు తెలియకుండానే 1933 నాటి ష్విన్‌కు చాలా దగ్గరగా వచ్చింది. ఉత్తుత్తి స్ప్రింగులు తగిలించుకున్న నేటి చౌక సైకిళ్ళ కంటే అది నిజాయితీ గల బండి అని నా అభిప్రాయం.

పాతది కొనుక్కోవడం గురించి చెప్పకుండా ముగిస్తే డొక్కు సైకిళ్ళకు అపచారం చేసినట్టే. 2010లలో 27.5, 29 అంగుళాల చక్రాలు ఆక్రమించుకున్నాక 26 అంగుళాల మంచి సైకిళ్ళు ఎందరి ఇళ్ళలోనో గోడకు చేరగిలబడ్డాయి. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకు గరాజ్ సేళ్ళలో 1990ల నాటి క్రోమియం ఉక్కు చట్రాలు ఇప్పటికీ కొత్త చౌక సైకిలు కంటే తక్కువకు దొరుకుతాయి. ఇక్కడివారికి చదువు ముగించి ఊరు మారే విద్యార్థుల దగ్గర అల్యూమినియపు చట్రాలు దొరుకుతాయి. చైను, బ్రేకు తీగలు, టైర్లు మార్చే ఖర్చు ముందే లెక్కవేసుకోవాలి, శిరస్త్రాణానికీ గాలిపంపుకూ కొంత పక్కన పెట్టుకోవాలి. కాళ్ళు రెండూ నేలకానించి నిలబడితే చట్రం పై గొట్టం మీద కనీసం రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. అన్నిటికంటే ముందు సైకిలును వెల్లకిలా తిప్పి, హ్యాండిలు దిగే గొట్టానికి కింది గొట్టం అతికిన చోట వేలితో తడిమి చూడాలి. అక్కడ రంగు పగిలి సన్నని వెంట్రుకలాంటి గీత ఏదైనా కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా సరే, బేరం అక్కడితో ఆపి ఇంటికి వచ్చేయడమే.